ఎవురికి లోబడమంటారు అయ్యగారూ?

మా సంఘంలో నేను ఎక్కువసార్లు విన్న మాట ప్రేమ కాదు, లోబడటం. ఆదివారం ప్రసంగంలో, ఉపవాస కూటంలో, పెండ్లిలో, చావులో ఎక్కడైనా అదే. దేవునికి లోబడండి అని మొదలవుతుంది. అయిదు నిమిషాలకు సంఘపెద్దలకు లోబడండి అనే కాడికొస్తుంది. ఇంకో అయిదు నిమిషాలకు ఆడోళ్ళు మొగుళ్ళకు లోబడల్ల, పనోళ్ళు యజమానులకు లోబడల్ల. దేవుని కాడ బయలుదేరిన మాట వచ్చి వచ్చి మాదిగగేరి ఆడదాని నెత్తిన ఆగుతుంది. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ వింటాండా. ఒక్కసారైనా ఆ మాట కిందినుంచి పైకి పోలేదు. గేరి ఆడమనిషి చెప్పింది పెద్దాయన వినల్ల అని ఏ అయ్యగారూ ప్రసంగం చేయలేదు.

నేను దేవుణ్ణి కాదనేదాన్ని కాదు. ఇది ముందే చెప్పుకోవల్ల. ఇట్లాంటి పుస్తకాల్లో రాసే అన్నలూ అక్కలూ కొందరు "ఆ చర్చి నీకేంటికి, బయటికి రా" అంటారు. సంఘంలో వాళ్ళేమో "ఆమె లోకంలో కలిసిపోయింది" అంటారు. నేను పొద్దున లేస్తే ప్రార్థన చేసుకొనే బడికి పోయే మనిషిని. యోహాను రాసిన మొదటి పత్రిక నాకు దాదాపు నోటికి వస్తుంది. ఆయన ప్రేమను, ఆజ్ఞను విడదీయలేదు. దేవుణ్ణి ప్రేమించడమంటే ఆయన చెప్పింది చేయడం. ఆయన చెప్పింది ఏందయ్యా అంటే తోబుట్టువును ప్రేమించడం. చుట్టూ తిరిగి మళ్ళీ ఆ గడపకే వస్తాడు యోహాను.

నా తగాదా అంతా ఇంతే. దేవునికి లోబడటమంటే నా పక్కన కూచోని నేను వండింది తినడం. తిననోళ్ళు అవిధేయులు. కానీ మా సంఘం పుస్తకంలో అవిధేయురాలని నా పేరు ఎక్కింది.

మాది పెనుకొండ దగ్గర ఒక పల్లె. పేరు రాయను, మావోళ్ళు ఇంకా అక్కడ బతుకుతాండారు. పెనుకొండ అంటే జనానికి కోట, 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులు వచ్చి కూచున్న రాజధాని, బాబయ్య దర్గా. ఇప్పుడైతే కియా కార్ల ఫ్యాక్టరీ. నాకు మాత్రం మా నాయన తప్పెటను అటక మీద పెట్టిన రోజు గుర్తొస్తుంది.

ఊర్లో పెండ్లయినా పీనుగయినా, మారెమ్మ జాతరయినా నాయన తప్పెట ఉండాల్సిందే. గొడ్డు చస్తే మోసేదీ మేమే. నాకు ఏడేండ్లప్పుడు, 1995లో, నాయన బాప్తిస్మం తీసుకున్నాడు. పల్లెకు సైకిల్ మీద ఒక ముసలి పాస్టరుగారు వచ్చేవాడు, ఆయనా మాదిగే. నాయనకు అక్షరం రాదు. సాయంత్రాలు మా అరుగు మీద కూచోబెట్టి వాక్యం నోటికి నేర్పినాడు. ఆ ఏడు జాతరకు ఊరోళ్ళు మనిషిని పంపినారు. నాయన రానన్నాడు. పెద్దరెడ్డి ఇంటి ముందర నిలబెట్టి అడిగినారు.

"ఇంక కొట్టను సామీ. నాకు చెప్పే దేవుడు వేరే ఉండాడు" అన్నాడు.

"దేవుడు మారితే జాతి మారుతుందేమిరా?"

నవ్వినారంట. నవ్వి ఊరుకోలేదు. ఆ ఏడు శెనక్కాయ పీకేదానికి మా ఇంట్లో ఎవురినీ పిలవలేదు. మరుసటి ఏడూ పిలవలేదు. అమ్మ తెల్లారకముందే లేచి పక్క ఊరికి నడిచి కూలికి పోయేది. సంగటి ముద్ద చిన్నదయింది, ఊరిబిండి లేని రోజులొచ్చినాయి. "నీ దేవుడొచ్చి గింజలు కొలుస్తాడా" అని జేజి నాయనను తిట్టేది. నాయన తప్పెట మాత్రం దించలేదు. దాని చర్మాన్ని ఎలుకలు కొరికినాయి.

నేను కండ్లతో చూసిన విధేయత అది. ఒక మాదిగోడు దేవునికి లోబడినాడంటే రెడ్డికి లోబడటం మానేసినాడని అర్థం. అవి రెండు పనులు కావు, ఒకటే.

బడిలో సోషల్ చెప్పేదాన్ని గనక తర్వాత చదివి తెలుసుకున్నా, ఇది మా నాయన ఒక్కడి కథ కాదని. 1866లో ఒంగోలుకు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బడి పెడితే మొదట పెద్దకులాల పిల్లలు వచ్చినారు. ఆ కాలంలోనే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ళ వ్యాపారం చేసేవాడు, విశ్వాసంలోకి వచ్చి తనోళ్ళను వెంటబెట్టుకొచ్చినాడు. వీళ్ళను చేర్చుకుంటే మేము రాము అన్నారు పెద్దకులాల వాళ్ళు. దొరకు దిక్కు తోచలేదు. ఆయనా దొరసానీ వేర్వేరుగా బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే చోటు కనపడిందని ఆయన తన జీవితకథలో చెప్పుకున్నాడు. లోకం లెక్కలోకి తీసుకోని వాళ్ళనే దేవుడు ఏరుకున్నాడని చెప్పే చోటు అది. మాదిగల్ని చేర్చుకున్నాడు. బడి ఖాళీ అయింది. అయితే కానీ అన్నాడు.

చేరిన మాదిగలకు ఆయన పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయగూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినగూడదు. విగ్రహాలకు మొక్కగూడదు. చదివేవాళ్ళకు భక్తి మాటల్లాగ కనపడతాయి. పల్లెలో బతికినోళ్ళకు తెలుస్తుంది అవి మూడూ మూడు సమ్మెలని. వారానికి ఒక రోజు నేను నీ పనికి రాను అని కూలోడు చెప్పడం, నీ చచ్చిన గొడ్డు నాకు కూలి కాదు అని చెప్పడం, నీ జాతరలో తప్పెట కొట్టను అని చెప్పడం. కరణాలకూ మునసబులకూ అందుకే కడుపు మండింది, వెలివేసినారు, సతాయించినారు. 1876 నుంచి 78 దాకా నడిచిన పెద్ద కరువులో తిండికోసం మతం మారినారని ఈనాటికీ ఎగతాళి చేసేవాళ్ళున్నారు. కరువు పనులు నడిచినన్నాళ్ళూ ఆ దొర బాప్తిస్మాలు ఆపిపెట్టినాడు. ఆ తర్వాతే, 1878 జులై 3న, ఒక్కరోజులో 2,222 మంది గుండ్లకమ్మ నీళ్ళలో దిగినారు. గింజలు కొలిచేదెవురని అడిగిన మా జేజికి ఈ లెక్క చెప్పాలని ఉండేది. అప్పటికే ఆమె పోయింది.

ఇప్పుడు నాయన చూపించిన ఇంకో విధేయత సంగతి. దాని వెల నేను కట్టినా.

పదో తరగతి అయినాక హిందూపురంలో చదువుకు పోవల్ల. హాస్టల్‌కు, చదువుకు కులం సర్టిఫికెట్ కావల్ల. మండలాఫీసులో గుమాస్తా నాయనను అడిగినాడు, "ఏమప్పా, హిందూ మాదిగ అని రాసుకుంటావా, క్రిస్టియన్ అని రాసుకుంటావా?" గేరిలో అందరూ హిందూ మాదిగ అనే రాయించుకున్నారు. మంచి గుమాస్తానే, కండ్లతో సైగ కూడా చేసినాడు. నాయన "అబద్ధమాడొద్దని వాక్యం ఉండాది గదా సార్" అన్నాడు. నేను బీసీ-సి అయినా.

తెలియనోళ్ళకు చెప్తా. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ఉంది. హిందువు కానోడు షెడ్యూల్డు కులం కాదని దాని సారాంశం. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపినారు. క్రైస్తవులను, ముస్లిములను కలపలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను బీసీ-సి లో పెట్టినారు, ఒక్క శాతం రిజర్వేషన్. 1977లో ఇచ్చిన 341 నంబరు జీవో దయవల్ల హాస్టలు, స్కాలర్షిప్పు లాంటివి దక్కినాయి, ఉద్యోగం కాడ మాత్రం ఎస్సీ కాదు. నూరు పోస్టుల్లో ఒకటి మాది. జిల్లాలో నా సబ్జెక్టుకు ఉండే పోస్టులే కొన్ని. 2012 డీయస్సీలో అందుకే పోయింది. ఎస్సీలో ఉంటే వచ్చేది. వచ్చినోళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళూ మా గేరోళ్ళే. హిందూపురంలో ఒక ప్రయివేటు బడిలో నెలకు మూడున్నర వేలకు గొంతు చించుకున్నా. 2014 డీయస్సీలో స్కూల్ అసిస్టెంట్ వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని, సర్కారు జీతం తిన్న మొదటి మనిషిని. నాయన ఒక్క మాట నిజం చెప్పినందుకు నా బతుకులో పోయిన ఏండ్లు ఎవురి లెక్కలోనూ లేవు.

హిందూపురంలో ఇంకోటి నేర్చుకున్నా. కాలేజీ పిల్లలకు ఒక విశ్వాసి ఇంట్లో శనివారం కూటం జరిగేది. ఆ కుటుంబం పెద్దకులంలోనుంచి రక్షణ పొందినోళ్ళు. ఇంటామె ప్రార్థన చేస్తే నాకు ఏడుపు వచ్చేది, అంత బాగా చేసేది. కూటం అయినాక టీ ఇచ్చేవాళ్ళు. ఇంటోళ్ళకూ వాళ్ళ బంధువులకూ స్టీలు గ్లాసులు, హాస్టలు పిల్లలకు పేపరు కప్పులు. కడిగే పని లేకుండా అనుకున్నా. ఏడాది తర్వాత ఒకరోజు కప్పులు అయిపోయినాయి. మాకు ఆరోజు టీ లేదు. అంతే, ఎవురూ ఏమీ అనలేదు. నేను మళ్ళీ ఆ ఇంటికి పోలేదు.

మా నాయన క్రీస్తును నమ్మి ఏం పోగొట్టుకున్నాడో రాసినా. కూలి పోయింది, బిడ్డ ఉద్యోగం రెండేండ్లు వెనక్కి పోయింది. ఒక రెడ్డో కమ్మో క్రీస్తును నమ్మితే ఏం పోతుంది? భూమి పోదు. పేరు చివర రెడ్డి పోదు, చౌదరి పోదు. పిల్లకు సంబంధం చూడాలంటే పేపర్లో "రెడ్డి క్రిస్టియన్ వరుడు కావలెను" అని వేసుకోవచ్చు. రెడ్డి ఒక పక్క, క్రిస్టియన్ ఇంకో పక్క, మధ్యలో సిలువ నలిగిపోతాండాది. వీళ్ళు ఎక్కడ లోబడినారు? ఏం వదులుకొని లోబడినారు? సిగరెట్టు మానేసిన సాక్ష్యం చెప్తారు, సినిమా మానేసిన సాక్ష్యం చెప్తారు. కులం మానేసినానని సాక్ష్యం చెప్పినోణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

పైగా మా గేరోళ్ళను పేతురుతో పోలుస్తారు. సర్టిఫికెట్లో హిందూ అని రాయించుకున్నోళ్ళు కోడి కూసేలోపల క్రీస్తును ఎరగననన్నోళ్ళంట. నా కాడ బీసీ-సి కాగితం ఉంది గనక నేను అడగొచ్చు: ఆ చలిమంట ముందర వాళ్ళను నిలబెట్టింది ఎవురు? గుడిలో కూచున్నా మాదిగోడిని ఊరు మాదిగోడనే కొడుతుంది. కారంచేడులో 1985లో, చుండూరులో 1991లో చంపినోళ్ళు ఎవురి బాప్తిస్మం సర్టిఫికెట్టూ చూడలేదు. సర్కారు మాత్రం చూస్తుంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, చర్చికి పోయే ఒక అమ్మాయి ఉద్యోగం కోసం హిందువునని ఎస్సీ సర్టిఫికెట్ అడగడం రాజ్యాంగాన్ని మోసం చేయడమే అంది. 2025లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారి పాస్టరుగా ఉన్న మనిషికి చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నా అట్రాసిటీ చట్టం వర్తించదంది. మతం మారితే కులం పోతుందని కోర్టు నమ్మింది. మా సంఘం బంతిలోకి ఒకసారి జడ్జీగారు వచ్చి కూచుంటే బాగుండు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతానికీ ఎస్సీ హోదాకూ ముడి తీసేయమంది. మన అసెంబ్లీ 2023 మార్చిలో తీర్మానం చేసింది. ఆ మూడో పేరా గురించి మా పెద్దలు ఒక్క ఆదివారం ప్రార్థన చేయించలేదు. వర్షం కోసం చేయించినారు, ఎలక్షన్లో నిలబడిన ఒకాయన కోసం కూడా చేయించినారు.

ఇంక ధర్మవరం.

ఉద్యోగం వచ్చినాక ఇక్కడే బాడిగ ఇల్లు తీసుకొని అమ్మానాయనలను తెచ్చుకున్నా. వీధిలో మగ్గాల చప్పుడు, ఆదివారం సంఘంలో పట్టుచీరల గరగర. సంఘంలో మాలలు ఎక్కువ, మాదిగలం తక్కువ. కొన్నేండ్లుగా పెద్దకులాల కుటుంబాలు పది దాకా చేరినాయి. కానుక కవర్లు వాళ్ళవి లావు. కమిటీ నిదానంగా వాళ్ళ చేతికి పోయింది. నాయన 2019లో పోయినాడు. సంఘం సమాధుల తోటలో వెనక గోడ పక్కన, మురికికాలువ అంచున చోటిచ్చినారు. మా గేరోళ్ళందరివీ ఆ గోడ పక్కనే. అప్పుడు నాకు అది తోచలేదు, ఏడుస్తాండా గదా.

క్రిస్మస్ ఆరాధన అయినాక ప్రేమవిందు ఉంటుంది. పేరు చూడండి. పైన హాల్లో టేబుళ్ళేసి ఒక బంతి, కింద షామియానాలో పట్టలు పరిచి ఒక బంతి. వయసు పైబడినోళ్ళు నేలమీద కూచోలేరు గనక పైబంతి అని చెప్పేవాళ్ళు. మా అమ్మకు రెండు మోకాళ్ళూ అరిగినాయి, ఆమెను పైకి ఎవురూ పిలవలేదు. కూరగాయలు తరిగేదీ పొయ్యి కాడ ఉండేదీ వాళ్ళ ఇండ్ల ఆడోళ్ళు. మాకు ఇచ్చే పని ఆకులెత్తడం, అంట్లు తోమడం.

2023 డిసెంబరులో స్త్రీల కూటంలో నేను లేచి అడిగినా. ఈసారి ఒకటే బంతి పెడదాం, వంటలో అందరం చెయ్యి పెడదాం, కూర మా గేరి ఆడోళ్ళు చేస్తారు అని. ఒక్కసారిగా ఫ్యాను చప్పుడు వినపడింది. సంఘపెద్ద భార్య నవ్వుమొహంతోనే చెప్పింది.

"టీచరమ్మా, మాకు పట్టింపు లేదమ్మా. మేము తింటాం. కొత్తగా వచ్చే కుటుంబాలు ఉండాయి గదా, వాళ్ళ విశ్వాసం ఇంకా బలహీనం. బలహీనులకు మనం అడ్డుబండ కాగూడదని పౌలుగారు చెప్పలేదా?"

ఎంత చక్కగా వాడుకున్నారు వాక్యాన్ని! మా చేతికూడు ఒకరి విశ్వాసానికి అడ్డుబండ. కులం బలహీనత అయితే మందు ఇయ్యల్ల గదా, దానికి పైన హాల్లో కుర్చీ ఏసి బిరియాని పెడతారా? అదే పౌలు అంతియొకయలో ఏం చేసినాడో గలతీయుల పత్రికలో రాసి పెట్టినాడు. పేతురు అన్యజనులతో కలిసి తింటాండె. యెరూషలేము నుంచి పెద్దమనుషులు రాంగానే నిదానంగా ఆ పంక్తిలోనుంచి జరిగినాడు. వచ్చినోళ్ళ విశ్వాసం బలహీనం అని పేతురూ అనుకొనుంటాడు, ఎవురికి తెలుసు. పౌలు చాటున చెప్పలేదు, అందరి ముందరా మొహం మీద అడిగినాడు. అడిగిందీ అంత పెద్ద అపొస్తలుణ్ణి. మరి పౌలు సంఘపెద్దలకు లోబడినట్టా, లోబడనట్టా? కొరింథులో ఉన్నోళ్ళు ముందే తినేసి లేనోళ్ళు ఆకలితో కూచుంటే, మీరు తినేది ప్రభువు భోజనమే కాదు పొమ్మన్నాడు ఆయన. బంగారు ఉంగరం పెట్టుకొని వచ్చినోడికి మంచి చోటు, బీదోడికి కాళ్ళ కాడ చోటు చూపించే సంఘం గురించి యాకోబు రాసినాడు. ఇవన్నీ మా చర్చి బైబిల్లోనూ ఉండాయి, నేను చూసినా.

ఇది మా ఒక్క సంఘం గొడవ అనుకోవద్దు. 2016 ఏప్రిల్లో కడప కతోలిక బిషప్పును దారికాచి ఎత్తుకుపోయి కొట్టినారు. ఆ కేసులో పోలీసులు పట్టుకున్నోళ్ళలో ఫాదర్లు కూడా ఉండారు. దళితుణ్ణని ఓర్వలేక చేసినారని ఆ బిషప్పే చెప్పినాడు. 2022లో మన రాయలసీమలో పుట్టిన పూల ఆంథోనిగారు కార్డినల్ అయితే, తొలి దళిత కార్డినల్ అని మా మిషన్ కాకపోయినా మా గేరిలో మిఠాయి పంచుకున్నాం. రోముకు ఒకాయన పోయినాడు, మంచిదే. మా షామియానా నుంచి మేడ మీది హాలుకు పదహారు మెట్లు, అవి ఎక్కిందే లేదు.

మా తప్పు కూడా చెప్పుకోవల్ల. ఆ రోజు కూటంలో మాల అక్కచెల్లెండ్లు ఎక్కువమంది ఉండారు. ఒక్కరూ నోరు తెరవలేదు. పైబంతిలో వాళ్ళవి నాలుగు ఇండ్లకు పిలుపు ఉంటుంది, అది పోతుందని భయం. వాళ్ళను అనేముందు మాకు అడుక్కోను వచ్చే డక్కలోళ్ళను మా జేజి ఎక్కడ కూచోబెట్టేదో గుర్తుకొచ్చి నా నోరు కొంచెం తగ్గింది. మేమూ ఒక మెట్టు మీద కూచోనే ఉండినాం.

కమిటీ పిలిచింది. సహవాసాన్ని చెడగొడతాండానని, పెద్దలకు లోబడటం లేదని రాసుకున్నారు. వేరే వేరే కూచోబెట్టినోళ్ళది సహవాసం, కలిసి కూచుందామన్నదాని పని చెడగొట్టడం! ఆరు నెలలు బల్లకు దూరంగా ఉండమన్నారు. ఆరు నెలలు అయినాయి, క్షమాపణ ఉత్తరం ఇస్తే గానీ కుదరదన్నారు. నెలకోసారి రొట్టె తట్ట నా ముందునుంచి దాటిపోయేది. అమ్మ తీసుకునేది, తీసుకొని కొంగుతో కండ్లు తుడుచుకునేది. నేనే తీసుకోమన్నా.

2025 ఎండాకాలంలో అమ్మకు పక్షవాతం వచ్చింది. ఎడమచెయ్యి పడిపోయి, మెల్లిగా తిరిగొచ్చింది. పలకరించేదానికి సంఘపెద్ద పండ్లు తీసుకొని వచ్చినాడు. రిటైరైన ఆఫీసరు, మాట మెత్తన. చాలాసేపు ప్రార్థన చేసినాడు. పోయే ముందు వాకిట్లో నిలబడి, క్రమశిక్షణలో ఉన్న కుటుంబం అంటే సమాధుల తోట విషయంలో కమిటీలో ప్రశ్నలు వస్తాయమ్మా అన్నాడు. అప్పుడు హైకోర్టు తీర్పు పేపర్లో వచ్చిన కొత్త. ఆ మాటా ఎత్తినాడు. "మీ ఇంట్లో ఒకరి సర్టిఫికెట్ సంగతి నాకు తెలుసు. నేను ఎవురికీ చెప్పేవాణ్ణి కాదులే" అన్నాడు. ఆ ఒకరు ఎవురో నేనిక్కడ రాయను. నాయనకు తెలియకుండా రాయించుకున్న కాగితం అది.

ఆ రాత్రి అమ్మ నన్ను పిలిచి, "పాపా, నన్ను మీ నాయన పక్కన పెట్టల్ల. రాసిచ్చేయ్ ఉత్తరం. నాకోసం లోబడు" అంది.

రాసిచ్చినా. మాటలు నావి కూడా కాదు, కమిటీవాళ్ళు తయారుచేసి పంపిన కాగితం. అందులో విధేయతకు ధ-కు ఒత్తు లేదు. చేతి అలవాటు, ఎర్రపెన్నుతో దిద్దినా. దిద్ది, మళ్ళీ శుభ్రంగా నా చేతిరాతతో ఎత్తి రాసి సంతకం పెట్టినా. జులై మొదటి ఆదివారం రొట్టె తట్ట నా ముందర ఆగింది. తీసుకున్నా.

ఇది చదివే సంఘపెద్దలకు చెప్తాండా, ఆ ఉత్తరం నేను వాపసు తీసుకుంటాండా. మా నాయన తప్పెట అటకమీద పెట్టి లోబడినాడు. గుమాస్తా ముందర నిజం చెప్పి లోబడినాడు. నేను లోబడింది దేవునికి కాదు, ఒక గోడ పక్కన ఆరడుగుల చోటుకు, ఒక కాగితం మీది భయానికి. మా పేర్లు కమిటీ పుస్తకంలోనుంచి కొట్టేసినా సరే, వచ్చే క్రిస్మస్‌కు మా గేరి ఆడోళ్ళం ఆరుమందిమి కూర వండుకొని తెస్తాం. షామియానాలో కాదు, మెట్లకాడ పెడతాం. పైకి పోయేవాళ్ళు దాటుకొని పోవల్ల.

రాసింది అమ్మకు చదివి వినిపించినా. తప్పెట కాడ నవ్వింది. రెడ్డి మాటల కాడ "అట్ల కాదు, ఇంకా బూతులు తిట్టినాడు, అవి రాయలేదే" అంది. ఉత్తరం వాపసు కాడికి వచ్చేసరికి కండ్లు మూసుకొని వింటాండె. నిద్రపోయిందేమో అనుకున్నా.

"బాగుండాది పాపా. మరి నన్ను యాడ పెడతావు?" అంది.

కాగితాలు మడిచి పెట్టినా. తోటలో నాయన పక్కన చోటు ఇంకా ఖాళీగానే ఉండాది, కాలువ అంచున.